గుడ్డ కట్టిన క్యాను

పోయిన వారం మనం చిన్నకోడల్ని రోడ్డు మీద వదిలేసి వచ్చాం. భుజాన గోనెసంచి, సంచిలో ప్రాణం పోయిన రంపం మిషను, కళ్ళ నిండా నీళ్ళు. గాలివానకు ఒరిగిపోయి బడి కప్పు మీద వాలిన చెట్టును కోస్తూ ఉండగా, అన్నిటికంటే పెద్ద కొమ్మ ఇంకా మిగిలి ఉండగానే మిషను కీచుమని ఆగిపోయింది. స్టార్టరు తాడు ఎంత గుంజినా కదల్లేదు. ఆయిలు కలపని ఉత్త పెట్రోలు పోసి ఇంజను కాల్చేశావని బావగారు నలుగురి ముందూ ఒంటికాలి మీద లేచారు. అంతటితో ఊరుకోలేదు. చెట్టెక్కేటప్పుడు ఆమె నడుముకు కట్టుకునే బెల్టు విప్పించి, తన భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. రేపు మధ్యాహ్నంలోగా ఆ కొమ్మ దిగకపోతే బడివాళ్ళు పెద్ద క్రేన్లున్న కంపెనీని పిలుచుకుంటారు. పోతే పోయింది, ఈ పని కాకపోతే ఇంకో పని. ఆ బెల్టు మళ్ళీ తన నడుముకు వస్తుందా రాదా అన్నదే చిన్నకోడలి గుండెల్లో ఉన్న ముల్లు.

ఆ ఇంట్లో చెట్లు కొట్టేది మొదట్నుంచీ బావగారే. పాతికేళ్ళు ఎక్కారు. మూడేళ్ళ క్రితం మోకాలు మొరాయించేసరికి, ఆ పని తమ్ముడికి అప్పజెప్పాలని చూశారు. తమ్ముడంటే చిన్నకోడలి మొగుడే. బండి తోలమంటే కొండ అంచున కూడా పాట పాడుకుంటూ తోలతాడు గాని, నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే కళ్ళు తిరిగి దిగిపోతాడు. అప్పుడు చిన్నకోడలు తనే ముందుకొచ్చి, నేను ఎక్కుతాను బావగారూ అంది. ఇంకో ఇంట్లో అయితే నవ్వేవాళ్ళు. బావగారు నవ్వలేదు. ఆమెను ఎగాదిగా చూసి, గోళ్ళు కత్తిరించుకురమ్మన్నారు. ఆ రోజు మొదలు ముడి ఎలా వెయ్యాలో, ఏ కొమ్మ మాట వింటుందో, ఏది వినదో ఒక్కొక్కటే నేర్పించారు. పైన ఆమె కోస్తుంటే కింద కొమ్మకు కట్టిన తాడు పట్టుకుని ఆయన నిలబడేవారు. అందుకే ఆయన అన్న మాట ఆమెకు అంతగా తగిలింది. ఇంకెవరైనా అని ఉంటే ఎదురు తిరిగి నాలుగు మాటలనేది.

ఇంజన్లు బాగుచేసే మేస్త్రిని ఊళ్ళో అందరూ రేపు మేస్త్రి అంటారు. నీళ్ళ పంపు తెచ్చినా, గడ్డి కోసే మిషను తెచ్చినా ఆయన తలెత్తకుండా అనే మాట ఒక్కటే, రేపు రమ్మని. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియాలి. ఆయన రేకుల షెడ్డులో గోడ పొడుగునా మిషన్లు వరసగా పడుంటాయి, ఒక్కొక్కదాని మెడలో ఒక చీటీ. చిన్నకోడలు గడప దాటేటప్పుడే ఆ మాటకు సిద్ధపడి, బతిమాలడానికి నాలుగు వాక్యాలు అల్లుకుని వచ్చింది.

వాటితో పని పడలేదు. మేస్త్రి సంచి విప్పి, మిషను మీద చెయ్యి పెట్టి, ఆమె ముఖం చూశాడు. బడి చెట్టు సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. బల్ల మీదున్న పంపును పక్కకు నెట్టి, తుడిచి, రంపాన్ని దాని మీద పెట్టాడు.

"కూర్చో తల్లీ" అన్నాడు.

ఆ ఒక్క మాటకే ఆమెకు ఏడుపొచ్చింది. నెత్తిన పాలు పోశారు మేస్త్రిగారూ అంది. స్టూలు లాక్కుని కూర్చుంది.

మేస్త్రి ముందుగా సైలెన్సరు విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూశాడు. ఆమెను కూడా చూడమన్నాడు. లోపల పిస్టన్ పక్క నున్నగా ఉండాల్సింది, గోళ్ళతో రక్కినట్టు పైనుంచి కిందికి గీతలు పడి ఉంది. ఉత్త పెట్రోలేనని ఆయన తేల్చేశాడు. కారు ఇంజనుకైతే ఆయిలు విడిగా ఉంటుంది. దీనికి అలా ఉండదు, పెట్రోల్లో కలిపి పోసిన ఆయిలే దానికి దిక్కు. లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు. అది లేకపోతే పిస్టనూ సిలిండరూ పొడిపొడిగా రాసుకుని, కాగి, ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.

ఎవరు పోశారని మేస్త్రి అడిగాడు. ఆమె దాచలేదు. పోసింది నేనే అంది. కానీ గుడ్డ కట్టిన క్యానులోంచే పోశానంది.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. వాళ్ళ బండిలో ఎప్పుడూ రెండు క్యాన్లుంటాయి, రెండూ ఒకే రకం, ఒకే కొలత. ఒకటి ఆయిలు కలిపింది, రంపానికి. రెండోది ఉత్త పెట్రోలు, దుంగల్ని లాగే ఇంజనుకు. దానికి ఆయిలు విడిగా ఉంటుంది కాబట్టి కలిపింది పొయ్యకూడదు. పొద్దున్నే పెట్రోల్లో ఆయిలు కలిపే పని బావగారు ఇంకొకరి చేతికి ఇవ్వరు. కలపగానే ఆ క్యాను మెడకు పాత చొక్కా గుడ్డ పేలిక ఒకటి కడతారు. గుడ్డ లేనిదాని మూత రంపం దగ్గర తియ్యకూడదు, అది పాతికేళ్ళ కట్టుబాటు. నేను గుడ్డ కట్టినదే పోశానని ఆమె, గుడ్డ కట్టినది వదిలేసి రెండోది పోశావని ఆయన. నిన్నంతా ఇదే గొడవ. అయితే చిన్నకోడలు ఒక పని మాత్రం చేసింది. రెండు క్యాన్లనూ ఎవరూ ముట్టుకోవద్దని, ఆ గుడ్డ విప్పొద్దని మొగుడికి మరీ మరీ చెప్పి వచ్చింది.

మేస్త్రి అంతా విని, ఆ క్యాన్లు రెండూ తీసుకురమ్మని మొగుడికి ఫోను చెయ్యమన్నాడు. కుదిరితే పెద్దాయన్ని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాడు. ఆ పై మాట మొగుడికి చెప్పడానికి ఆమె కాస్త నీళ్ళు నమిలింది. మొత్తానికి చెప్పింది.

వాళ్ళొచ్చేలోగా ఇంజను విప్పడం అయిపోయింది. పిస్టన్ను చూసి మేస్త్రి పెదవి విరిచి చెత్తబుట్టలో వేశాడు. సిలిండరును మాత్రం అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఉండిపోయాడు. లోపలి గోడకు పిస్టన్ లోహం కరిగి మచ్చలు మచ్చలుగా అంటుకుని ఉంది. మేస్త్రి చేతికి తొడుగు వేసుకుని, పుల్లకు దూది చుట్టి, బాత్రూములు కడిగే ఆసిడ్‌లో ముంచాడు. గోడకు గట్టి పూత ఒకటి ఉంటుందట. ఆసిడ్ అంటుకున్న మచ్చల్ని తింటుంది గాని పూత జోలికి పోదు. పూతే చిరిగిపోయి ఉంటే మాత్రం దాని వెనకున్నది కూడా అదే లోహం, దాన్నీ తినేస్తుంది.

"బుడగలు వస్తాయి చూస్తుండు. ఆగిపోతే సిలిండరు బతికినట్టు. ఆగకపోతే నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

దూది తగలగానే గోడ మీద తెల్లగా నురగ లేచింది. మేస్త్రి తుడిచాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ నురగ. మూడోసారీ అంతే. నాలుగోసారి దూది మార్చి రాశాడు, అప్పుడూ నురగే. ఆమెకు ఆ సిలిండరులో ఇంజను కనపడటం లేదు, బెల్టు కనపడుతోంది. చెట్టు పైకొమ్మన గాలికి ఊగుతూ కూర్చుంటే కలిగే ఆ నెమ్మది, కిందికి చూస్తే తాడు పట్టుకుని నిలబడ్డ బావగారి బట్టతల కనపడుతున్నాయి. ఐదోసారికి నురగ ఒక్కచోటే, ఆవగింజంత లేచి ఆగిపోయింది. ఆరోసారి ఆసిడ్ నీళ్ళలా జారిపోయింది.

మేస్త్రి సిలిండరును కడిగి, ఆరబెట్టి, సన్నటి గరుకు కాగితంతో అడ్డదిడ్డంగా రుద్దాడు. తర్వాత అలమారలోంచి ఒక అట్టపెట్టె తీసి దుమ్ము ఊదాడు. అందులో కొత్త పిస్టన్. ఎవరో పెద్దమనిషి కోసం తెప్పించాడట, రేపొస్తానని వెళ్ళిన మనిషి ఏడాదైనా రాలేదట. నన్ను మించినవాడు దొరికాడనుకున్నాను, ఇవాళ మాత్రం ఆయనకు దండం పెట్టాలి అని మేస్త్రి నవ్వాడు. చిన్నకోడలు కూడా నవ్వింది, రెండు రోజుల తర్వాత. ఎవరో తెలియని ఆ మనిషికీ, ఎదురుగా నల్లటి గోళ్ళతో పిస్టన్‌కు ఆయిలు రాస్తున్న ఈ మనిషికీ ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. వేరే పనులన్నీ అలాగే పెట్టి పొద్దుటినుంచి తన కోసం వంగి కూర్చున్నాడు. ఇలాంటివాళ్ళు ఇద్దరుంటే చాలు, మనిషి ఎక్కడైనా బతకొచ్చనిపించింది.

బండి వచ్చి ఆగింది. మొగుడు రెండు చేతులా రెండు క్యాన్లు పట్టుకుని దిగాడు. వెనక బావగారు, భుజాన ఆ బెల్టు అలాగే ఉంది. లోపలికొచ్చి మేస్త్రిని పలకరించారు గాని మరదలి వైపు చూడలేదు. ఆమె లేచి నిలబడి, తను కూర్చున్న స్టూలు ఆయన వైపు జరిపింది.

మేస్త్రి వాదనలేమీ పెట్టలేదు. బిల్లు పుస్తకంలోంచి రెండు తెల్లకాగితాలు చించి బల్ల మీద పరిచాడు. గుడ్డ కట్టిన క్యానులోంచి ఒక చుక్క ఒక కాగితం మీద, గుడ్డ లేనిదాంట్లోంచి ఒక చుక్క రెండోదాని మీద వేశాడు. ఉత్త పెట్రోలైతే ఎగిరిపోయి కాగితం ఎప్పటిలా ఉంటుంది. ఆయిలుంటే మరక మిగులుతుంది. ఇద్దరన్నదమ్ములూ, చిన్నకోడలూ బల్ల చుట్టూ నిలబడ్డారు.

నిమిషం గడిచింది. గుడ్డ కట్టిన క్యాను చుక్క జాడ లేకుండా ఆరిపోయింది. గుడ్డ లేనిదాని చుక్క ఉన్నచోట రూపాయి బిళ్ళంత జిడ్డు మరక, అంచున ఆయిలు తాలూకు ఆకుపచ్చ ఛాయ.

తమ్ముడు తల గోక్కున్నాడు. దుంగల్ని లాగే ఇంజను మొన్న నీలంగా పొగ కక్కిందని, పాతబడి కాబోలనుకుని ఊరుకున్నానని గొణిగాడు. కక్కదూ మరి, రంపానికి పొయ్యాల్సిన ఆయిలంతా అది తాగింది అన్నాడు మేస్త్రి.

బావగారు మాత్రం ఇంకా కాగితాల మీదికి వంగే ఉన్నారు. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నారు, దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. రెండోదాన్నీ అలాగే చూశారు.

"రెండూ ఆరిపోయాయిగా. మరక దేనికీ లేదే" అన్నారు.

ఆయన చేతిలో ఉన్నది జిడ్డు మరక పడిన కాగితమే. బొటనవేలు సరిగ్గా దాని మీదే ఉంది.

ఈ మధ్య ఆయన గ్లాసు అందుకోబోయి పక్కన తడమడం, సెల్లు ముక్కుకు ఆనించి చూడటం, అన్నీ గిర్రున చిన్నకోడలి కళ్ళ ముందు తిరిగాయి. అన్నీ చూసింది, ఏదీ పట్టించుకోలేదు. మెల్లగా ఆయన వేలు పట్టుకుని ఆ జిడ్డు మీద రుద్దించింది. వేలికి తెలిసింది.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆయిలు ఒక క్యానులో పోసి, తిరిగి గుడ్డ కట్టబోతూ రెండోదాని మెడకు కట్టి ఉంటానని తనే చెప్పారు. కళ్ళలో శుక్లాలు వచ్చాయట. ఆపరేషను చెయ్యాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. చేయించుకుంటే వారాల తరబడి బరువు ఎత్తకూడదు, గాలివానల కాలం పోయాక చూద్దాంలే అనుకున్నారట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వదినకు కూడానా అన్నాడు తమ్ముడు.

బావగారు భుజం మీది బెల్టు తీసి, రెండు చేతులా పట్టుకుని మరదలికి అందించారు.

"నా తప్పు నీ నెత్తిన రుద్దాను అమ్మాయ్. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెబుతాను. బడి దగ్గరికి రేపు నేనే వచ్చి చెబుతాను."

ఆమె రెండు రోజులుగా ఆయన్ని అడగాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టి చేతులు చాపింది. అందుకుంటున్నప్పుడు బెల్టు కుట్లు తన వేళ్ళకు తగిలాయి. మొదటి రోజు ఆమె నడుముకు వదులవుతుందని రాత్రంతా కూర్చుని కత్తిరించి కుట్టింది ఆయనే. ఇంత ఇచ్చిన మనిషి మీద కోపం పట్టుకుని వేళ్ళాడటం ఆమె వల్ల కాలేదు.

"నాకు చెట్టు చూపించింది మీరు. మీరు మాటంటే పడతాను, ఫరవాలేదు. కళ్ళ సంగతి దాచారు చూడండి, దానికి మాత్రం అక్కతో చెబుతాను" అంది. ఆయన సిగ్గుగా నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత పని పండగలా సాగింది. సిలిండరు దించడానికి ఆమే పట్టుకుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగు నొక్కి పెట్టింది బావగారు, అది చేతులకు తెలిసిన పనే గదా. ట్యాంకు వంచి కడిగారు. మేస్త్రి కళ్ళెదుట చిన్నకోడలు కొత్తగా పెట్రోలూ ఆయిలూ కొలిచి కలిపింది. సాయంత్రం ఎండ ఇంకా షెడ్డు రేకుల మీద ఉండగానే మేస్త్రి స్టార్టరు తాడు ఆమె చేతికిచ్చాడు. ఒకటి, రెండు, మూడో గుంజుకు మిషను దగ్గి, ఆగి, నాలుగోదానికి అందుకుంది. పాత గరగర లేదు. సన్నగా, పొడవుగా, తెగకుండా మోగింది. మేస్త్రి కార్బురేటరు స్క్రూ అటో వెంట్రుక, ఇటో వెంట్రుక తిప్పి, మొదటి ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా మరీ గట్టిగా వాడి ఏడిపించొద్దని చెప్పాడు. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. చిన్నకోడలు మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నల్లటి మసి ఆమె ముఖానికంటింది, తుడుచుకోలేదు.

అందరూ నవ్వుతున్నారు, బావగారు తప్ప. ఆయన తల ఒక పక్కకు వంచి ఆ చప్పుడే వింటున్నారు. వింటున్నకొద్దీ ముఖం మాడిపోతోంది. ఆమె మిషను ఆపి, ఏమైందని అడిగింది.

ఆయన ఆమె దగ్గరికి జరిగి, తమ్ముడికి వినపడకుండా చెప్పారు.

"నాలుగు నెలలుగా చెట్టు మీద నువ్వు నాకు కనపడటం లేదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. మరి తాడు ఎలా పట్టుకున్నారని అడిగింది. కొమ్మ తెగబోయే ముందు కింద తాడు బిగించాలి. బిగిస్తే కొమ్మ ఆమెకు దూరంగా ఊగి దిగుతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆమె మీదికే వస్తుంది.

"మిషను గొంతు విని. లోపలికి పోతుంటే బరువెక్కేది, తెగబోతుంటే పలచబడేది. అప్పుడు బిగించేవాణ్ణి. పాతదాని గొంతు నాకు కంఠతా వచ్చు. ఇది వేరే గొంతు. దీన్ని నేనెరగను."

నాలుగు నెలలు. ఎన్ని చెట్లు, ఎన్ని కొమ్మలు. ప్రతిదీ ఆమెకు మూరెడు దూరంలోంచి నెమ్మదిగా ఊగి దిగింది. చూపు లేని మనిషి చెవులొక్కటే పెట్టుకుని ఆమె ప్రాణం కాపాడుకుంటూ వచ్చాడు. ఆ మనిషే ఆమె ప్రాణంతో ఆడుకున్నాడు కూడా. అయినా ముందుగా ఆమె మనసులో లేచింది కోపం కాదు, ఇప్పుడైనా చెప్పారన్న కృతజ్ఞత. రేపు పొద్దున కొమ్మ మీద కూర్చున్నాక తెలిసి ఉంటే?

తాడు పట్టడం నేర్చినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. రేపు మధ్యాహ్నానికి కొమ్మ దిగాలి. ఆమె షెడ్డు ముందుకు చూసింది. బాగైన మిషన్లను కోసి చూసుకోవడానికి మేస్త్రి అక్కడ రెండు కర్రల మీద పొడవాటి దుంగ ఒకటి పెట్టి ఉంచాడు. దాని కింద ఏళ్ళ తరబడి రాలిన రంపపు పొట్టు మెత్తగా పేరుకుని ఉంది.

"రండి బావగారూ. దీని గొంతు కూడా నేర్చుకుందురుగాని. తెగబోతోందనిపించినప్పుడు ఇప్పుడు అనండి చాలు" అంది.

ఆయన వచ్చి పది అడుగుల దూరంలో నిలబడి కళ్ళు మూసుకున్నారు. తాడు ఉన్నట్టే రెండు చేతులూ ముందుకు పెట్టుకున్నారు. మిషను అందుకుంది. పళ్ళు దుంగలోకి దిగాయి, పొట్టు ఎగిరింది. చిన్నకోడలు చేతులు కోస్తున్నాయి గాని కళ్ళు ఆయన పెదవుల మీదే ఉన్నాయి. సగం తెగింది. ముప్పావు తెగింది. బావగారి నొసలు ముడిపడ్డాయి, వేళ్ళు బిగుసుకున్నాయి, పెదవులు విడివడ్డాయి.

"ఇప్పుడు" అన్నారు.

దుంగ ముక్క అప్పటికే పొట్టులో పడి ఉంది.